‘ఇంగ్లీషుల మాట్లాడు’ అన్నోడు ఇంటికి పోయిండు

సోమవారం రాత్రి మా ఊరి చౌరస్త కాడి చాయ్ హోటల్ల టీవీ ముంగట ఓ ఇరవై మందిమి జమైనం. వెస్టిండీస్‌ల, సెయింట్ లూసియాల మ్యాచ్. టీ20 ప్రపంచకప్పు, ఇండియా మీద ఆస్ట్రేలియా. రోహిత్ శర్మ 41 బంతులల్ల 92 కొట్టి పోయినంక అందరి కడుపు నిండింది. 205 అయినయి. రాత్రి పది దాటినంక ఆస్ట్రేలియా బ్యాటింగు. మొదటి ఓవర్లనే అర్షదీప్ సింగ్ ఏసిన బంతి డేవిడ్ వార్నర్ బ్యాటు అంచుకు తాకింది, సూర్యకుమార్ పట్టిండు. 6 బంతులు, 6 పరుగులు.

నేను చప్పట్లు కొట్టిన. అబద్ధమెందుకు, గట్టిగనే కొట్టిన. తొమ్మిదిన్నరేండ్ల సంది ఆ మనిషి అవుటైతే చప్పట్లు కొట్టుడు నాకు అలవాటు. పక్కకు కూసున్న మా అక్క కొడుకు మాత్రం కొట్టలే. ఇరవై రెండేండ్ల పోరడు, పోయినేడు డిగ్రీ అయిపోయింది. "మామా, ఇగ గిదే ఆయన లాస్టు కావచ్చు" అన్నడు. వాని గొంతుల జర బాధ ఉండె. నాకు నవ్వొచ్చింది.

వాడు అన్నట్టే అయింది. ఆ రాత్రి ఆస్ట్రేలియా 24 పరుగులతోని ఓడింది. తెల్లారి మంగళవారం అఫ్గానిస్తాన్ 8 పరుగులతోని బంగ్లాదేశ్‌ను కొట్టేసరికి ఆస్ట్రేలియాకు సెమీస్ దారి మూసుకపోయింది. ఈ కప్పే నాకు ఆఖరని వార్నర్ ముందుగాలనే చెప్పి ఉండె. టెస్టులకు జనవరిలనే దండం పెట్టిండు. వన్డేలు పోయిన నవంబర్ల అహ్మదాబాద్ ఫైనల్‌తోని ఒడిసినయి. అంటే పదిహేనేండ్ల ఆట, మూడు ఫార్మాట్లు కలిపి 18,995 పరుగులు, 49 సెంచరీలు, అంతా ఎవరో వేరేటోళ్ల మ్యాచ్‌ల ఖతమైంది. ఆయన గ్రౌండుల గూడ లేడు.

నేను ఫోన్ తీసి "పీడ పోయింది" అని స్టేటస్ రాసిన. పంపెతందుకు ఏలు లేవలే. పది నిమిషాలు చూసి తుడిపేసిన. ఎందుకు తుడిపేసిన అన్నదే ఈ నాలుగు ముక్కలు.

ముందుగాల నా కోపం సంగతి చెప్పాలె. 2015 జనవరి 18. మెల్‌బోర్న్‌ల వన్డే. రోహిత్ 138 కొట్టిన మ్యాచ్. వార్నర్ ఇసిరిన బంతి దూరం పోతే మనోళ్లు ఇంకో పరుగు ఉరికిండ్రు. దాని మీద లొల్లి అయింది. వార్నర్ మీదిమీదికి వచ్చిండు, రోహిత్ ఏదో హిందీల అన్నడు. దానికి వార్నర్ జవాబు, "ఇంగ్లీషుల మాట్లాడు". మ్యాచ్ ఫీజుల సగం జుర్మానా పడ్డది. తర్వాత విలేకర్లు అడిగితే, నాకు హిందీ రాదు గదా, అర్థమయ్యేటట్టు చెప్పుమన్న అన్న తీరుగ మాట్లాడిండు.

క్రికెట్ల తిట్లు కొత్తవి కావు. అమ్మను తిట్టినోళ్లున్నరు, అక్కను తిట్టినోళ్లున్నరు. అయ్యన్ని విని మర్చిపోయిన. గీ రెండు ముక్కలు మాత్రం పోలే. దానికి కారణం క్రికెట్ల లేదు.

2004ల నేను హైదరాబాద్‌ల ఓ ఆఫీసుకు కొలువు కోసం పోయిన. పెద్ద కొలువేం గాదు, కాగితాలు సర్దే పని. ఇంటర్ దాంక సర్కారు బడి, సర్కారు కాలేజీ, అంతా తెలుగు మీడియం. ఆ తర్వాత చదివింది ఏదన్న ఉంటే గ్రంథాలయంల, సంఘం ఆఫీసుల, బస్సులల్ల చదివిందే. ఎదురుంగ కూసున్న సారు కూడ తెలుగాయనే. నేను "సార్, మాది..." అని షురూ చేసిన్నో లేదో, "ఇంగ్లీష్‌లో చెప్పు" అన్నడు. నాకు మూడు వాక్యాలు వచ్చు. నా పేరు, మా ఊరు, మా నాయిన చేసే పని. నాలుగోది రాలే. పక్క సీట్ల ఉన్నామె కిసుక్కున నవ్వింది. బయటికొచ్చి బస్టాండు దాంక నడిచిన. జేబుల కిరాయి పైసలుండె, అయినా నడిచిన.

ఒక్కటి గమనించుండ్రి. ఆయన నన్ను ఇంగ్లీషుల అడగలే. "ఇంగ్లీష్‌లో చెప్పు" అన్న మాట గూడ తెలుగులనే అన్నడు. ఆయనకు నా మాట సమజ్ కాక కాదు. సమజ్ అయింది కాబట్టే ఆపిండు. వార్నర్‌కు నిజంగనే హిందీ రాదు. గీ తేడా నాకు మొన్న సోమవారం రాత్రి దాంక తట్టలే.

ఆ సారు పేరు యాదికి లేదు. మొఖం గూడ యాదికి లేదు. పదకొండేండ్ల తర్వాత టీవీల ఒకడు అదే మాట అంటే, ఆ మొఖం లేని కోపానికి మొఖం దొరికింది. ఎర్రటి మొఖం, చిన్న కట్టె, ఎగిరి గంతేసే సంబరం. ఇగ ఆయన ఏం చేసినా నాకు చెడ్డగనే కనవడ్డది. సున్నకు అవుటైతే పండుగ.

ఆ పండుగల నేను చూడనివి మస్తున్నయి. అదే జనవరిల, ఆ మాట అన్న దినానికి పన్నెండు దినాల ముంగట సిడ్నీ టెస్టు షురూ అయింది. నవంబర్ల అదే గ్రౌండుల ఫిలిప్ హ్యూస్ అనే 25 ఏండ్ల పిలగాడు మెడకు బంతి తగిలి కూలిపోయి, రెండు దినాలకు పానం ఇడిసిండు. కూలిపోయినప్పుడు ఆయన స్కోరు 63. ఆ దినం అవతలి టీముల ఫీల్డింగ్ చేస్తున్నోళ్లల్ల వార్నర్ ఉన్నడు. జనవరిల మన మీద ఆడుకుంట 63 కాడికి వచ్చినంక, దోస్తు పడ్డ జాగకు పోయి వంగి ఆ గడ్డిని ముద్దు పెట్టుకున్నడు. గది మన బౌలర్ల ముంగట్నే అయింది. నేను గూడ ఆ మ్యాచ్ చూసిన్నే. పన్నెండు దినాల తర్వాతి మాట యాదికుంది గని, గీ ముద్దు యాదికి లేదు. ఆయన రిటైరవుతుంటే పాత వీడియోలు తిప్పుతుంటే దొరికింది.

దోస్తు పోయిన దుఃఖముంటే పక్కోని భాషను ఈసడించొచ్చా అంటే, వద్దు. ఆ మాట తప్పే. నేను మాఫ్ చేసిన అని గూడ రాస్తలేను. మనిషి అంటే ఒక్క మాట కాదని మాత్రం తెలిసింది, గదీ ఆలస్యంగ.

ఇగ మన దిక్కు కథ. వార్నర్ 2014ల హైదరాబాద్ సన్‌రైజర్స్‌కు వచ్చిండు, తెల్లారి ఏడు కెప్టెన్ అయిండు. 2016ల 848 పరుగులు కొట్టి కప్పు తెచ్చిండు. బెంగళూరు ఫైనల్ల 38 బంతులల్ల 69. మా ఊర్ల పోరగాండ్లు ఆయనకు మామ అని పేరు పెట్టిండ్రు. నేను అప్పటికీ కరగలే. 2020 లాక్‌డౌన్ల భార్యను ఎంటేసుకొని బుట్టబొమ్మ పాటకు డ్యాన్స్ కట్టిండు. తర్వాత పుష్ప లెక్క గదువ కింద చెయ్యి తిప్పిండు. రెండు తెలుగు రాష్ట్రాలు ఊగిపోయినయి. అమెరికాల ఉన్న మా వాడకట్టు పిలగాడు గూడ అవే వీడియోలు పంపిండు.

నాకైతే మండింది. ఎందుకంటే, చెప్త. ముప్ఫై నలభై ఏండ్లు మన సినిమాలల్ల తెలంగాణ మాట ఎవరి నోట్ల ఉండె? గూండా నోట్ల, పనామె నోట్ల, బకరా అయ్యే కమెడియన్ నోట్ల. శ్రీకాకుళం మాటకు గదే గతి. సీమ మాట అంటే కత్తులు, సుమోలు. హీరో నోట్ల మాత్రం కృష్ణ, గుంటూరు దిక్కు మాటనే ఉండాలె. ఫిదా, బలగం వచ్చినంక జర మారింది, పుష్ప చిత్తూరు యాసతోనే దేశమంతా తిరిగిండు, కాదనను. గని ఓ తెల్లాయన మన పాటకు పెదాలు కదిలిస్తే పొంగిపోయే మనమే, మన పక్కింటి పిల్ల ఇంటర్వ్యూల "అవ్ సార్" అంటే నవ్వుతం. ఆయన నోరు ఇప్పి తెలుగు మాట్లాడింది తక్కువ, పెదాలు ఆడించిందే ఎక్కువ. గంత దానికే అల్లునికి చేసినట్టు మర్యాద జేసినం.

గిదంతా సోమవారం రాత్రి ఇంటికి నడుచుకుంట పోతుంటే మా అల్లునికి చెప్పిన. వాడు ఊకుండే రకం కాదు. "మామా, వార్నర్ ఇంగ్లీషుల మాట్లాడుమన్నడు, తర్వాత మన పాటకు ఎగిరిండు గదా. నిన్ను ఇంగ్లీషుల చెప్పుమన్న సారు ఏం జేసిండు?" అన్నడు.

నా కాడ జవాబు లేదు. ఇరవై ఏండ్ల సంది ఆ సారు మీద నేను ఒక్క ముక్క రాయలే. వార్నర్‌ను తిట్టుకుంట ఎన్ని రాసిన్నో లెక్క లేదు. తిట్టుడు సులువు మరి. ఆయన సిడ్నీల ఉంటడు, మన తిట్టు ఆయనకు అందదు, ఆయన మనకు కొలువు ఇచ్చేటోడు కాదు, పీకేటోడు కాదు. అందనోన్ని తిడితే మనకు నష్టం లేదు.

ఆ మనిషి పుట్టుక గూడ మొన్ననే సరిగ తెలుసుకున్న. సిడ్నీ శివార్ల మాట్రావిల్ అనే కాడ, మన దిక్కు డబుల్ బెడ్రూం ఇండ్ల అసొంటి సర్కారు ఇండ్లల్ల పెరిగిండు. 2009ల ఒక్క ఫస్ట్ క్లాస్ మ్యాచ్ గూడ ఆడకుండ దేశం టీములకు వచ్చిండు. 1877 తర్వాత ఆస్ట్రేలియాల గట్ల ఎవ్వలు రాలే. వచ్చిన దినమే దక్షిణాఫ్రికా మీద 43 బంతులల్ల 89. పెద్ద బడి, పెద్ద క్లబ్బు మాటతీరు ఆయనకు రాలే. అవతలోన్ని గెలికే పని, తిట్టే పని టీముల ఆయన మీదనే పడ్డది అని నాకనిపిస్తది. గెలికినన్ని దినాలు అందరికి సంతోషమే. 2018 మార్చిల కేప్‌టౌన్ల గరుకు కాగితంతోని బంతిని గీకిన ఇకమతు బయటపడ్డది. స్మిత్‌కు, వార్నర్‌కు ఏడాది నిషేధం, గీకిన బాన్‌క్రాఫ్ట్‌కు తొమ్మిది నెలలు. తప్పు చేసిండ్రు, శిక్ష పడ్డది, మంచిదే. గని బతికినన్ని దినాలు కెప్టెన్సీ చెయ్యొద్దన్న శిక్ష వార్నర్ ఒక్కనికే. స్మిత్ తర్వాత మళ్ల టాస్‌కు పోయిండు. వార్నర్ 2022ల ఆ శిక్ష మీద అప్పీలుకు పోయి, మళ్ల అందరి ముంగట పంచాది పెట్టి నా ఇంటోళ్లను బజార్ల నిలబెడ్తరా అని ఎనుకకు తీసుకున్నడు.

నేను ఆ యేడు బాగ సంబరపడ్డోన్ని. జర ఎనుకకు పోతే మన సంగతి గూడ ఉంది. 2001ల దక్షిణాఫ్రికాల సచిన్ మీద రెఫరీ మైక్ డెన్నిస్ బంతి కేసు పెట్టి, అమలు గాని ఒక మ్యాచ్ నిషేధం ఏస్తే దేశమంతా దిష్టిబొమ్మలు తగలబెట్టినం. రెండు కేసులు ఒకటే అనను, సచిన్ చేసింది ఆ కాగితం కథ కానే కాదు. మనోని దాకా వస్తే మనం కాగితాలు, రూల్సు చదివినమా అన్నదే అడుగుతున్న.

సన్‌రైజర్స్ ఆయన్ని పంపిన తీరు మాత్రం మీలో కూలికి పోయేటోళ్లకు, కాంట్రాక్టు కొలువు చేసేటోళ్లకు ఎంబడే సమజ్ అయితది. 2021 మే 1న సీజన్ మధ్యల కెప్టెన్సీ గుంజుకున్నరు. ఆ తర్వాత టీములకెళ్లి గూడ తీసిండ్రు. కప్పు తెచ్చిన మనిషి దుబాయ్ దిక్కు స్టాండ్ల కూసొని జెండా ఊపిండు. ఎందుకు తీసిండ్రో సరిగ చెప్పలే అని ఆయననే అన్నడు. మేస్త్రీ వచ్చి "రేపటి సంది నువ్వు రాకు" అంటడు సూడు, అచ్చం గట్లనే. పైసలు కోట్లల్ల ఉన్నయి కాబట్టి ఆయన పొయ్యి ఆరలే, గంతే తేడా.

ఇగ అసలు యాపారం కాడికి వద్దాం. పోయిన నవంబర్ 19న అహ్మదాబాద్ల ఫైనల్. ట్రావిస్ హెడ్ 137 కొట్టి మన కప్పు ఎత్తుకపోయిండు. వార్నర్ 7 కొట్టిండు, గదే ఆఖరి వన్డే. ఆ రాత్రి మనోళ్లు ఫోన్లల్ల ఏం రాసిండ్రో మీకెరుకే. హెడ్ భార్యను, పాల పిల్లను తిట్టిండ్రు. మ్యాక్స్‌వెల్ భార్య మన తమిళ మూలాలున్న ఆడబిడ్డ, ఆమెను గూడ ఇడువలే. సరిగ్గ నెల తిరిగేసరికి దుబాయ్ వేలంల ఆ హెడ్‌ను 6 కోట్ల 80 లక్షలకు, కెప్టెన్ కమిన్స్‌ను 20 కోట్ల 50 లక్షలకు కొన్నది ఎవ్వలు? మన హైదరాబాదే. ఏప్రిల్ల బెంగళూరు మీద హెడ్ 41 బంతులల్ల 102 కొడితే, నవంబర్ల వాని పిల్లను తిట్టిన ఏళ్లే "మా హెడ్" అని రాసినయి. ముద్ర వేసుకున్న కాషాయం రంగు అంగీలు అమ్ముడువోయినయి.

టీవీల ప్రతి మ్యాచ్ ముంగట "బద్లా" అని ఢోలు కొడ్తరు. కోపం అమ్ముతరు మనకు. ఆ కోపానికి రీచార్జి మనదే, రాత్రి నిద్ర మనదే. ఆటగాండ్లు మాత్రం మ్యాచ్ ఒడిసినంక ఒకల భుజం మీద ఒకలు చెయ్యేసుకొని నవ్వుకుంట పోతరు, ఎందుకంటే రెండు నెలలకు ఒకే బస్సుల కూసోవాలె.

కోపం సరిహద్దు కాడ ఆగుతదా అంటే ఆగదు. సోమవారం వార్నర్‌ను అవుట్ చేసిన అర్షదీప్‌నే తీసుకోండ్రి. 2022 సెప్టెంబర్ల పాకిస్తాన్ మీద ఒక్క క్యాచ్ ఇడిసిపెట్టినందుకు ఖలిస్తానీ అన్నరు, వికీపీడియాల గూడ గట్లనే దిద్దిండ్రు. ఇరవై మూడేండ్ల పిలగాడు అప్పుడు. అంతకుముందు ఏడు అదే దుబాయ్ల పాకిస్తాన్ మీద ఓడితే పదకొండు మందిల షమీ ఒక్కడే దొరికిండు, పేరు వల్ల. మన హైదరాబాద్ సిరాజ్ సంగతి ఇంకోటి. ఆటో నడిపి కొడుకును ఆటగాన్ని చేసిన తండ్రి 2020 నవంబర్ల చనిపోతే, సిరాజ్ ఆస్ట్రేలియాలనే ఉండిపోయిండు. జనవరిల సిడ్నీ గ్రౌండుల బౌండరీ కాడ నిలబడితే ఎనుకకెల్లి జాతి పేరుతోని తిట్టిండ్రు. సిరాజ్ ఆట ఆపి అంపైర్‌కు చెప్పిండు, కొందర్ని స్టాండ్లకెళ్లి బయటికి పంపిండ్రు. మనం ఆ దినం ఎంత బాధ పడ్డం! నిజమైన బాధనే. ఆ తిట్టిన సిడ్నీ తాగుబోతుకు, అర్షదీప్‌ను తిట్టిన మన పోరనికి మధ్యల నాకైతే సముద్రం తప్ప ఇంకేం కనవడలే.

కోపం వద్దు అని నేను అంటలేను. ఇరవై ఏండ్లు ఉద్యమాలల్ల తిరిగినోన్ని, కోపం లేకపోతే నేను గీ రాత కాడికి గూడ రాకపోదును. ఇంగ్లీషు వద్దని గూడ అంటలేను. 2022-23 నుంచి మన సర్కారు బడులల్ల ఒకటో తరగతి నుంచి ఎనిమిది దాంక ఇంగ్లీషు మీడియం వచ్చింది. మా వాడ పిల్లలు నేర్సుకుంటుంటే నాకు సంతోషమే, వాళ్లు నా లెక్క బస్టాండు దాంక నడవొద్దు. ఇంగ్లీషు అన్నం పెడితే తినాలె. అదే ఇంగ్లీషును కట్టె పట్టుకున్నట్టు పట్టుకొని నోరు మూపిచ్చేటోళ్లు మన ఆఫీసులల్ల, మన బ్యాంకులల్ల, మన ఇంటర్వ్యూ బల్లల ఎనుక ఉన్నరు. వాళ్లు రిటైరైతే ఎవ్వలు చప్పట్లు కొట్టరు, ఎందుకంటే వాళ్ల పేర్లు ఎవ్వలకు తెల్వయి. వార్నర్ రాసిన అప్పు మాఫీ గాలే గని, నేను వసూలు చేసుకోవాల్సిన పెద్ద అప్పు ఆయన కాడ లేకుండె. తప్పు ఇంటి తలుపు కొట్టుకుంట తొమ్మిదిన్నరేండ్లు నిలబడ్డ.

రేపు ఇంగ్లండుతోని సెమీఫైనల్. మళ్ల హోటల్ కాడికి పోత, మళ్ల అరుస్త. బట్లర్ అవుటైతే చప్పట్లు గూడ కొడ్త, గది ఆట. మా అల్లుడు రానన్నడు. శుక్రవారం వానికి హైదరాబాద్‌ల ఇంటర్వ్యూ ఉంది. రాత్రి పడుకోకుండ ఫోన్ ముంగట పెట్టుకొని తన గురించి తాను ఇంగ్లీషుల చెప్పుడు ప్రాక్టీసు చేస్తున్నడు. నోటుబుక్కుల ఆ ఇంగ్లీషంతా తెలుగు అక్షరాలల్ల రాసుకున్నడు. పేరు, ఊరు, నాయిన పని, డిగ్రీ, నాలుగు వాక్యాలు గడగడ వస్తున్నయి. అయిదోదాని కాడ ఆగుతున్నడు.

"మామా, నడిమిట్ల ఇరుక్కుంటే తెలుగుల చెప్పొచ్చా?" అని అడిగిండు.

పొద్దుగాల ఆరింటికి బస్సు. నేను గూడ ఎంబడి పోతున్న.